చీకటి కొలవబోయిన సాయంత్రం

నక్షత్రాల పిచ్చి ఉన్న మా బృందం ఆకాశం ఎంత నల్లగా ఉందో కొలిచే చిన్న యంత్రాన్ని నాకు అప్పగించింది. చీకటి పెరిగితే అందులో అంకె పెరుగుతుంది, వెలుతురు పెరిగితే తగ్గుతుంది. అంతే పని. నేను మాత్రం చంద్రుడి మీదికే వెళ్తున్నట్టు తయారయ్యాను: నల్ల చొక్కా, మంకీ క్యాప్, కళ్లు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన టార్చి. ఆ వేషంలో, చీకటి పడగానే అమీర్‌పేట్ మైత్రీవనం వెనక సందులో ఉన్న మా బిల్డింగ్ పైకెక్కి, యంత్రాన్ని నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాను.

మా పిట్టగోడకు ఆనుకుని లేడీస్ హాస్టల్ ఉందని, అక్కడ ఆరేసిన బట్టలు తీస్తున్న అమ్మాయి పెట్టిన కేకతో గుర్తొచ్చింది.

నిమిషంలో అవతలి డాబా మీద సగం జిల్లా జనం. ముందు హాస్టల్ నడిపే అక్క, ఆమె చేతిలో తాటిచెట్టంత మాప్ కర్ర, పక్కన వాచ్‌మన్.

“ఏం తీస్తున్నవన్నా? ఎర్ర లైటు సుత పెట్టినవ్.”

యంత్రాన్ని వాళ్లకు కనబడేలా ముందుకు చాచాను. “కెమెరా కాదక్కా. చీకటి కొలుస్తున్న.”

“అమీర్‌పేట్‌ల చీకటేడిదన్నా?” అన్నాడు వాచ్‌మన్.

ఒకమ్మాయి నా మొహానికి ఫోన్ ఎత్తింది. ఆ వీడియో తెల్లారేసరికి మా ఆవిడ ఫోన్లోనూ, మా ఆఫీసు గ్రూపులోనూ ఉంటుంది. ఆ తర్వాత నేనెక్కడ ఉంటానో తెలియదు.

“మీ డాబా లైటు బంద్ చెయ్యుండ్రి, అంకె మారుతది” అన్నాను.

ఆర్పారు. మీట నొక్కి చూశాను, అంకె కదల్లేదు. ఎదురుగా నగల దుకాణం హోర్డింగ్ సూర్యుడికి తమ్ముడిలా వెలుగుతోంది, ఒక్క బల్బు ఆరితే దానికేం లెక్క?

“ఏడ మారింది?” అక్క యంత్రాన్ని లాక్కుంది. అటూ ఇటూ తిప్పి, దాని కన్ను మీద కొంగు కప్పి మీట నొక్కింది. అంకె ఎగిరింది. కొంగు తీసి నొక్కింది. పడిపోయింది. మళ్లీ కప్పింది, మళ్లీ ఎగిరింది. నా ప్రాణం ఆ అంకెతోపాటే లేస్తూ పడుతూ ఉంది.

“అంటే నా కొంగు కిందున్నంత చీకటి గీ ఊరి మీద లేదా?” అంది చివరికి. “పిల్లా, ఫోన్ దించు. అన్నా, రేపటికెల్లి వదినను పంపు. నువ్వు గిట్ల పైకొస్తే...” కర్ర వైపు చూసింది.

ఇప్పుడు కొలతలు మా ఆవిడే తీస్తుంది. నేను కింద మెట్ల మీద, అందరికీ మొహం కనబడేలా ట్యూబ్‌లైటు వేసుకుని కూర్చుంటాను.