పసుపు రాసిన గాజుపలక

చోడవరం బజారులో కోటగుమ్మం కింద నుంచి ఆటోలు, బైకులు, కూరగాయల బళ్లు పొద్దస్తమానం దూరి పోతూనే ఉంటాయి. ఇది కేంద్ర ప్రభుత్వం కాపాడుతున్న కట్టడమని నీలం బోర్డు చెబుతుంది. ఆ బోర్డుకే ఎవడో అరటిగెల వేలాడదీస్తాడు. గుమ్మానికి కాపలా అప్పలనరసమ్మ. ఊడ్చేదీ ఆవిడే, పోస్టర్లు పీకేదీ ఆవిడే, గోడవార నిలబడబోయే మగమహారాజుల్ని చీపురుతో తరిమేదీ ఆవిడే. మొగుడు ఈ పనిలో ఉండగానే పోతే, చీపురు ఆవిడ చేతికొచ్చింది.

మొన్నటి వానలకు గుమ్మం కుడి స్తంభం నిలువునా బీట వేసింది. పురావస్తు శాఖ ఇంజనీరు షర్మిల వచ్చి, బీటకు అడ్డంగా ఒక గాజుపలక అతికించింది.

“రాయి కదిలితే ఈ గాజు పగులుతుందమ్మా. పగిలితే ఒక్క బండిని కూడా పోనివ్వకు. వెంటనే నాకు ఫోన్ చెయ్యి” అని చెప్పి వెళ్లింది.

ఆనాటి నుంచి అప్పలనరసమ్మకు కంటిమీద కునుకు లేదు. బండి హారన్ వినబడితే చాలు, లేచెళ్లి గాజు చూసుకునేది. బెంగ పట్టలేక ఒక శుక్రవారం, పగలకుండా చూడు తల్లీ అని ఆ పలకకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇంకేముంది! ఆఫీసువాళ్లు అమ్మవారిని నిలిపారంటూ బజారులో ఆడవాళ్లంతా వరస కట్టారు. కాదని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు, మొదలుపెట్టింది తనే కదా. చూస్తుండగానే పసుపు పేరుకుని, గాజు కనబడకుండా పోయింది.

ఇంతలో చెరుకు సీజను వచ్చింది. ఫ్యాక్టరీకి పోయే మొదటి చెరుకుబండి కోటగుమ్మం కింద నుంచి పోతేనే ఊరికి మంచిదని ఆచారం. ఈ ఏడు ఆ వంతు వడ్డాదిలో ఉండే అప్పలనరసమ్మ తమ్ముడు సత్తిబాబుది. పొద్దున్నే డప్పులతో అతని ట్రాక్టరు బజారు మొదట్లోకి వచ్చింది. వెనక ట్రక్కు నిండా చెరుకు.

అప్పలనరసమ్మ ఇక ఆగలేకపోయింది. బిందెడు నీళ్లు పలక మీద కుమ్మరించి కొంగుతో రుద్దింది. పసుపంతా కారిపోయాక చూస్తే, గాజు రెండు ముక్కలు. ఎప్పుడు పగిలిందో ఏమో! ఇన్నాళ్లూ దీనికిందే బడి పిల్లల ఆటోలు పోయాయే అనుకుంది ఆవిడ. పరుగున వెళ్లి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది.

“ఒరే సత్తిబాబూ, బండి ఆపు! గుమ్మం కదిలిపోతంది.”

“ఏటప్పా ఇది? ఊరంతా సూస్తంది. మొదటిబండి ఎనక్కి తిప్పితే నా పరువేటవ్వాలి?”

“నీ నెత్తి మీద రాయి పడితే పరువెవుడికిరా? గాజు పగిలిపోయింది. నానే పసుపు రాసి కప్పెట్టేసేను. తప్పు నాది, నన్ను తిట్టు.”

డప్పులు ఆగిపోయాయి. అరిష్టం అరిష్టం అని వెనక నుంచి ఎవరో గొణిగారు. సత్తిబాబు అక్క మొహం చూశాడు. చిన్నప్పుడు తను నూతి గట్టెక్కితే ఆవిడ ఇలాగే వణికేది. ఇంజను ఆపేసి దిగి, ట్రక్కులోంచి ఒక చెరుకుగడ లాగాడు.

“బండి సుట్టూ తిప్పుకెళ్తాను. ఈ గడొక్కటీ గుమ్మం దాటిస్తాను.”

“నువ్వొద్దు, ఇలాగియ్యి.”

గడ భుజాన వేసుకుని ఆవిడే నడిచింది. పైకి చూడలేదు. అవతలికి వెళ్లాకే ఊపిరి పీల్చింది. ముందు షర్మిలకు ఫోన్ చేసింది, తరవాత గుమ్మానికి రెండువైపులా తాడు కట్టింది.

శుక్రవారం ఆడవాళ్లు పసుపు గిన్నెలతో వచ్చారు. స్తంభానికి షర్మిల అతికించిన కొత్త గాజుపలక తళతళలాడుతోంది. అప్పలనరసమ్మ తాడు ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది.

“పసుపు రాయాలనుంటే నా కాళ్లకి రాసెయ్యండమ్మా. ఆ గాజు మాత్రం నాకు కనపడాల.”