మిరపకాయల డబ్బా మీద దేవదూతల అక్షరాలు

అరబ్బు దేశంలో, అబూ హలీఫాలో నేను వంట చేసే ఇంటి పెద్దమ్మాయి కాలేజీలో బొమ్మలూ అక్షరాలూ గీయడం చదువుతోంది. నన్ను ఖాలా అంటుంది, పిన్ని అన్నట్టు. ఓ రోజు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వచ్చి ఒక కాగితం చూపించింది. అన్నీ గీతలే, ప్రతి గీత కొసకీ చిన్న సున్నా.

"ఇవి దేవదూతల అక్షరాలట, ఖాలా. వందల ఏళ్ళ కిందట యూరప్‌లో మంత్రాల పిచ్చి ఉన్న పండితుడెవరో హీబ్రూ అక్షరాలకి ఇలా సున్నాలు తగిలించి, నక్షత్రాల రాత ఇదే అన్నాడు."

కోనసీమలో చుక్కల ముగ్గులు వేసిన చెయ్యి కదా, వారంలో ఆ ఇరవై రెండు అక్షరాలూ నేర్చేసుకున్నాను. అందులో మన గుణింతాలు లేవు. అయినా సర్దుకుని, మ-ర-ప-క-య-ల అని రాసి మిరపకాయల డబ్బాకి అంటించాను. తర్వాత ధనియాలకి, మెంతులకి. అమ్మాయి దాన్ని "మర్పాక్యాల్" అని చదివితే ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. ఇంతలో ఆ మామా వాళ్ళమ్మ నెల్రోజులు ఉందామని వచ్చింది. ఆవిణ్ణి పెద్ద మామా అనేదాన్ని. వంటింట్లోకి వస్తూనే డబ్బాలు చూసి, "సిహర్! ఇంట్లో చేతబడి!" అని కేకలు పెట్టింది. పనిమనిషి మీద ఆ మాట పడితే ఇంకేమన్నా ఉందా! మామా పరుగున వచ్చింది, వెనకే అమ్మాయి. పాపం, ఆ పండితుడి సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

"మంత్రగాడి అక్షరాలని నువ్వే అంటున్నావుగా!" అంది పెద్ద మామా.

"అక్షరాలు ఆయనవే అమ్మమ్మా. ఖాలా రాసింది మిరపకాయలని. కావాలంటే మూత తీసి చూడు."

ఆవిడ మూత తీసి, గట్టిగా వాసన పీల్చి, వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది. ముందు మామా నవ్వింది, ఆనక ఆవిడే కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. "ఇంక ఖలాస్, అరబీలో రాసుకో," అంది మామా. బతుకుజీవుడా అని చీటీలన్నీ పీకేశాను.

రెండ్రోజులు పోయాక పెద్ద మామా వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఖర్జూరం మిఠాయి డబ్బా నా ముందు పెట్టింది.

"మనవలు దీన్ని బతకనివ్వడం లేదు. ఆ అక్షరాల్లో ఏదైనా రాయి, భయపడతారు."

'తినకండి' అని రాసిచ్చాను. చిన్నపిల్లలు నిజంగానే దాని జోలికి పోలేదు. చదవడం వచ్చిన పెద్దమ్మాయి మాత్రం దర్జాగా తింటూనే ఉంది. పెద్ద మామాకి ఇంకా తెలీదు, నేనూ చెప్పలేదు.