ముందు ఎవరికి కరెంటు?

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నేను మార్కాపురం పక్కన ఒక సబ్‌స్టేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం గాలివానకు మా ఫీడర్లు రెండు పడిపోయాయి. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తీసుకెళ్ళే లైన్. ఒకటి పలకల ఫ్యాక్టరీలది, రెండోది ఓ చిన్న ఊరిది. స్తంభాలు నిలబెట్టడానికి ఉన్నది ఒక్క గ్యాంగే.

ఏది ముందు? అందులో ఆలోచించేదేముంది! ఎక్కువ ఆంప్స్ లాగే లైన్, అంటే ఎక్కువ కరెంటు వాడేది, ముందు. మా పద్ధతి అది. పైగా ఫ్యాక్టరీల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి నా ప్రాణం తోడేస్తున్నారు.

గ్యాంగును అటు పంపబోతుంటే ఆ చిన్న ఊరి నుంచి లక్ష్మమ్మ అనే ఆమె వచ్చింది. తడిసి ముద్దయి ఉంది.

"సార్, మా ఇంటాయనకు పెట్టిన ఆక్సిజన్ మిషన్ ఆగిపోయినాది. సిలిండర్ ఇంకో రెండు గంటలే వస్తాదంట."

ఆయన ముప్పై ఏళ్ళు పలకలు కోసిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది.

నా నోరు మంచిది కాదు, మా ఇంట్లోవాళ్ళే చెప్తారు. "మీ ఊరంతా కలిపినా ఫ్యాక్టరీలో ఒక మోటారంత లోడ్ లేదమ్మా. ఆస్పత్రికి తీసుకుపో" అన్నాను.

"దావలో చెట్లు పడినాయి సార్. నేనే అవి దాటుకోని నడిచొచ్చి ఆటో ఎక్కినా. ఆయన్ని ఎట్ల తెచ్చేది? మోటారైతే రేపైనా తిరుగుతాది. ఈయన?"

సిగ్గుతో చచ్చిపోయాను. లైన్‌మన్ సుబ్బయ్య మెల్లగా, "ఫ్యాక్టరీ వాళ్ళు పైవాళ్ళకు చెప్తారు సార్" అన్నాడు.

"చెప్పుకోనీ. బండి ఆ ఊరికి తిప్పు."

పడిన చెట్లు నరుక్కుంటూ వెళ్ళి, సిలిండర్ అయిపోయేలోగా స్తంభాలు నిలబెట్టి కరెంటు వదిలాం. వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి మిషన్ నడుస్తోంది. ఆయన మాట్లాడలేక చెయ్యెత్తాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంతకు ముందు కూడా కరెంటు పోయింది కదమ్మా, ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదేం?" అని అడిగాను.

"మా ఊరికి ఎప్పుడూ ఆఖర్నే కదా సార్. అడిగితే ముందిస్తారని మాకేం తెలుసు? సిలిండర్ సన్నగా తిప్పుకోని కాచుకుంటా ఉంటిమి. ఈసారి అదీ చాలదనే వచ్చినా."

ఫిర్యాదులు లేవని ఆ ఫీడర్‌ను మంచి లైన్‌గా అంతకు ముందు పైవాళ్ళకు రాసి పంపింది నేనే. మా వ్యవస్థ ఎంత గట్టిదో ఆంప్స్‌తో, ఫిర్యాదులతో కొలిచాను గానీ, కరెంటు లేకుండా ఏ ఇల్లు ఎంతసేపు ఓర్చుకోగలదో ఏనాడూ అడగలేదు. తర్వాత సుబ్బయ్యా నేనూ ఊరూరా తిరిగి అదొక్కటే అడిగి రాసుకున్నాం. ఇప్పుడు గాలివాన వస్తే, ఏ ఊరి నుంచి ఫోన్ రాలేదో ఆ ఊరికి ముందు నేనే ఫోన్ చేస్తాను.