మాను మీద అర్జునుడు, కింద అత్తగారు

భారతంలో అర్జునుడు తపస్సు చేసి పాశుపతాస్త్రం సంపాదించాడు. అదే తపస్సు నేనూ చేసి, బంగారంలాంటి మామిడితోట పోగొట్టుకున్నాను. గ్రహచారం బాగాలేదేమోనని నన్ను ఓదార్చబోకండి. తప్పు గ్రహాలది కాదు. ఆ రోజు ఆ సంచి మూరెడు అవతల పడివుంటే, ఈపాటికి మీకందరికీ ఇంటికో బుట్ట తోతాపురి పంపివుండేవాణ్ణి.

తొంభైల్లో మాట. మదనపల్లెలో ఒక ట్యుటోరియల్లో పని చేసేవాణ్ణి. పగలు పదో తరగతి తప్పినవాళ్లకు లెక్కలు, సాయంత్రం భజన మందిరంలో బతుకు తప్పినవాళ్లకు వైరాగ్యం చెప్పేవాణ్ణి. పాతికేళ్లకు వైరాగ్యమేమిటంటారా? వదులుకోవడానికి చేతిలో ఏమీ లేనివాడికి అంతకన్నా సులువైన సబ్జెక్టు లేదు. ఆశ పాములాంటిది అనేవాణ్ణి. దేహం చొక్కాలాంటిది అనేవాణ్ణి. ముందు వరసలో ముసలమ్మలు కళ్లు తుడుచుకుంటుంటే నా గొంతులో మహిమ ఉందనుకున్నాను. వాళ్లలో సగం మందికి కంట్లో శుక్లాలని తర్వాత తెలిసింది.

అప్పుడు కుప్పంలో ఉండే మా మేనమామ ఒక సంబంధం మోసుకొచ్చాడు. పుంగనూరు దగ్గర పల్లె. పిల్ల తండ్రి గోవిందప్ప, ఊరికి పెద్ద. రాజేశ్వరి ఒక్కతే కూతురు.

"పలమనేరు దోవలో మామిడితోట ఉండాదిరా," అన్నాడు మామ. "ఈ కొసన నిలబడి కేకేస్తే ఆ కొసకి ఇనపడదు. అంతా ఆ పిల్లకే."

పిల్ల ఎలా ఉంటుందని అడగడం కూడా మర్చిపోయాను. ఆ సాయంత్రం ఆశ పాములాంటిదని చెబుతున్నంతసేపూ ఆ పాము మామిడికొమ్మకు చుట్టుకునే కనిపించింది.

గోవిందప్పకు ఒకటే పట్టింపు, అల్లుడు భక్తిపరుడు కావాలి. దానికీ మామ దగ్గర ఉపాయం ఉంది. మా వైపు ఎండాకాలం వస్తే ఊళ్లలో భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందర పగలు కథ, రాత్రి నాటకం, చివరికి బారెడు మీసాల మట్టి దుర్యోధనుణ్ణి భీముడి చేత చంపించడం. ఆ ఏడు గోవిందప్పే పెత్తనం. కథ చెప్పే భాగవతార్ గొంతు పోయి, పిల్లి పిలిచినట్టు మాట్లాడుతున్నాడు. "మావోడు ఉండాడు కదప్పా" అని మామ నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు.

అర్జునుడు తపస్సుకు వెళ్లే రోజు మధ్యాహ్నం కథలో నేను చెలరేగిపోయాను. కృష్ణుడికి కూడా తోచని ఉపమానాలు నాకు తోచాయి. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్నాను, తోట తలుచుకుంటూ. ఈ దేహం ఒక చొక్కా, చినిగితే విడిచేస్తాం, చొక్కా కోసం భయపడేవాడు మనిషేనా అని మైకు అదిరేట్టు గర్జించాను. గోవిందప్ప మీసం ఆనందంతో పైకి లేచింది. ఆయన భార్య మంగమ్మ చేతులు జోడించింది. గుంజ పక్కన నిలబడ్డ రాజేశ్వరి ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది భక్తి అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. కుప్పం నాటకం మేళంలో అర్జునుడి వేషం వేసే మునస్వామి మోపెడ్ మీంచి పడ్డాడట. మోకాలు గుమ్మడికాయ అయింది.

తపస్సు మాను ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. ఊరి బయట తాటిమాను నిలువుగా నాటి, అడుగు పెట్టడానికి చెక్కలు కొట్టి, కొసన చిన్న మంచె కడతారు. అర్జునుడు మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ పైకి పోయి, శివుణ్ణి మెప్పించి, భుజాన ఉన్న జోలెలోంచి నిమ్మకాయలు, అరటిపండ్లు ఒక్కొక్కటే కిందికి విసరాలి. బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. ఎవరి కొంగులో పండు పడితే వాళ్లింట మరుసటేడు ఊయల. వాళ్లకది ఆట కాదు. కలికిరి నుంచి, పెద్దతిప్పసముద్రం నుంచి బస్సులెక్కి వచ్చి, పొద్దున్నుంచి పచ్చినీళ్లు ముట్టకుండా ఉన్నారు. అర్జునుడు లేడంటే ఎలా?

"ఎవురో ఎందుకు?" అన్నాడు గోవిందప్ప. "చొక్కాకి బయపడేవోడు మనిషే కాదని చెప్పిన అయ్యవారు ఉండారు. ఆయనే ఎక్కల్ల."

"నాకు పద్యాలు రావే," అన్నాను.

"హార్మోనీ గట్టిగా వాయిస్తాములే సామీ," అన్నాడు కుంటుకుంటూ వచ్చిన మునస్వామి. "కిందికి మాత్రం సూడద్దు. సూస్తే సచ్చినావే."

మామ నా చెవిలో ఒకే మాట ఊదాడు. "తోట."

చెప్పేవి శ్రీరంగనీతులు, ఎక్కేవి తపస్సు మాన్లు. కిరీటం పెట్టారు, జోలె తగిలించారు, ఎక్కాను. తెలిసిన నాలుగు పద్యాలు నాలుగు మెట్లకే అయిపోయాయి. తర్వాత పదమూడో ఎక్కం అందుకున్నాను. హార్మోనియం మోతలో అదీ పద్యంలాగే వినబడి ఉంటుంది, జనం గోవింద కొట్టారు. ఆ మాను అరవై అడుగులని ఊరివాళ్లంటారు. అబద్ధం. మంచె మీదినుంచి నాకు మదనపల్లె, దాని వెనక హార్సిలీ కొండ, దాని వెనక మా తాతలు కూర్చున్న పైలోకం స్పష్టంగా కనిపించాయి.

కిందికి చూశాను.

ఆ తర్వాత నా చేతులు నావి కావు. మంచె మధ్యలో పైకి లేచిన మాను కొసను ఉడుము గోడను పట్టినట్టు పట్టుకున్నాయి. విసరమని జనం అరుస్తున్నారు. విసరాలంటే చెయ్యి వదలాలి. చెయ్యి వదిలితే చొక్కా విడవాలి. నాకున్నది అదొక్కటే చొక్కా.

కాసేపటికి కింద మైకులోంచి తీయని గొంతు వినిపించింది. రాజేశ్వరి.

"అయ్యవారూ, మద్యానం చొక్కానే కదా అంటిరి. ఆ చొక్కాని అంత గట్టిగా పట్టుకోనుండారే, కొత్తదా?"

ఊరంతా నవ్వింది. సాష్టాంగపడి ఉన్న ఆడవాళ్లు కూడా పడుకునే నవ్వారు. సంబంధం పోయిందని, తోట ఎండిపోయిందని నాకు తెలిసిపోయింది. పౌరుషం వచ్చింది. చేతులు వదలకుండానే జోలెలోంచి ఒక్క పండైనా జారుద్దామని భుజం విదిలించాను. పండు కాదు, జోలె జోలే జారింది. గాలికి తిరుగుతూ, తడిచీరల వాళ్లందరినీ దాటి, అవతల హారతి పళ్లెంతో కుర్చీలో కూర్చున్న మంగమ్మగారి ఒళ్లో ధబ్బుమని పడింది. నిమ్మకాయలు, అరటిపండ్లు, విభూతి, ఊరందరి సంతానమూ ఒకేచోట.

హార్మోనియం ఆగింది. మంగమ్మకు నలభై దాటి చాలా రోజులైంది. రాజేశ్వరి తర్వాత మొక్కని దేవుడు లేడు, కడుపు పండలేదు, మొక్కడం మానేసి కూడా చాలా ఏళ్లు. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. గోవిందప్ప ముఖం చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను. తరువాత ఆమె తేరుకుని, పండ్లు తనే అందరి కొంగుల్లోనూ తలా ఒకటి పంచిపెట్టిందట. తన వంతుకు ఒక నిమ్మకాయ మాత్రం ఉంచుకుందట.

అర్జునుడి కోసం శివుడు బోయవాడి వేషంలో వచ్చాడు. నా కోసం కరెంటు లైన్‌మన్ వేషంలో వచ్చాడు. నడుముకు బెల్టు తగిలించి, వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి, తడిగుడ్డను దండెం మీంచి తీసినట్టు దించాడు.

ఎవరి ముఖమూ చూడకుండా మదనపల్లె బస్సెక్కాను. వారం తిరక్కుండా మామ పరుగెత్తుకొచ్చాడు.

"ఒప్పుకున్యారురా. ఇంత గట్టిగా పట్టుకునేవోడు మా పిల్లని యాడా ఇడిసిపెట్టడని గోవిందప్ప అంటాండాడు."

"పిల్ల ఏమంది?"

"నవ్వుకోవడానికి ఇంట్లో ఒకరుంటే మంచిదే అనిందంట."

శ్రావణంలో పెళ్లయింది. పెళ్లిపందిట్లో అత్తగారు మాటిమాటికీ లేచి పెరట్లోకి వెళుతుంటే పైత్యం చేసిందనుకున్నాను. నేను తలంబ్రాలు పోస్తూ మనసులో తోటకు కంచె వేయిస్తున్నాను. మాఘమాసంలో కబురొచ్చింది, మంగమ్మగారికి మగబిడ్డ, పండులాంటి బిడ్డ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు ఊరుకున్నా పూజారి జోలెతో సహా ఇచ్చేశాడు. బిడ్డను నా చేతుల్లో పెట్టి అత్తగారు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కారణాలు వేరు.

పేరు అర్జునప్ప. తోట వాడిదే. ఏటా ఒక బుట్ట పంపుతాడు, "బావా, అంతా నీ దయే" అని ఫోన్ కూడా చేస్తాడు. పక్కనుంచి నా భార్య, ఫలం మీద ఆశ ఉండకూడదని పెద్దలు చెప్పారు కదా అంటూ నా ముందే ముక్కలు కోసుకుని తింటుంది. టెంకె నాకు.

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వైరాగ్యం చెబితే నేల మీద నిలబడే చెబుతాను. ఏ జన్మలోనైనా మళ్లీ మాను ఎక్కి వరాలు విసరాల్సి వస్తే, ముందు అత్తగారి కుర్చీ ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాతే తపస్సు మొదలుపెడతాను.