ఒంట్లో తయారుకాని మందు

మా ఆయన ముంబై పక్కన భివండిలో పదకొండేళ్లు పవర్‌లూమ్ నడిపాడు. అక్కడే టీబీ వచ్చింది. రెండు నెలలు మందులు మింగి, దగ్గు తగ్గగానే మానేశాడు. సిద్దిపేటకు తిరిగి వచ్చి బట్టల దుకాణంలో పనికి కుదిరాక ఆ జబ్బు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

నాలుగేళ్లకు ఆయన నల్లబడటం మొదలైంది. ఎండలో చేసే పని కాదు. అయినా ముఖం, మోచేతులు, చివరికి అరచేతి గీతలు కూడా నల్లగా మారాయి. మెట్లెక్కితే కూలబడేవాడు. ప్యాంటు నడుముకు నిలిచేది కాదు. ఎవరో ఏదో చేయించారని అత్తమ్మ కొమురవెల్లికి తీసుకుపోయి మల్లన్నకు మొక్కింది.

నన్ను భయపెట్టింది మాత్రం ఆయన ఉప్పు పిచ్చి. ఒకరోజు వంటింట్లో నిలబడి, అరచేతిలో రాళ్లుప్పు పోసుకుని చక్కెర తిన్నట్టు తింటున్నాడు.

"గదేం తిండి? బీపీ లేస్తది, పక్షవాతమొస్తది," అన్నాను. మా నాయన పక్షవాతంతోనే పోయాడు.

"ఏమోనే, నోరు గుంజుతది. తినకపోతె పానం పోతున్నట్టైతది."

"పానం పోదు గానీ, ఇయ్యాల్టి సంది ఉప్పు ముట్టకు."

ఉప్పు డబ్బా బియ్యం సంచిలో దాచాను. కూరల్లో సగానికి తగ్గించాను. తొక్కు పచ్చడి జాడీ పక్కింటికి ఇచ్చేశాను. పది రోజులకు, పొద్దున స్నానానికి వెళ్లిన మనిషి బకెట్ పక్కనే పడిపోయాడు.

దవాఖానలో బీపీ అందలేదు. డాక్టరమ్మ వచ్చి ఆయన పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్లు నేరేడు పండ్లు తిన్నట్టున్నాయి. "ఇంతకుముందు టీబీ వచ్చిందా?" అని అడిగింది. రక్త పరీక్షలు, స్కానింగ్ అయ్యాక నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"కిడ్నీల మీద చిన్న గ్రంథులు రెండుంటయమ్మా. టీబీ క్రిమి పోయి ఆడ దాక్కున్నది. ఏండ్ల పొంటి వాపు పుట్టించి వాటిని ఖరాబు చేసింది. ఒంట్లె ఉప్పు నిలవాలన్నా, జరమొస్తె మనిషి తట్టుకోవాలన్నా ఆ గ్రంథులు చేసే స్టెరాయిడ్ హార్మోన్లే కావాలె. గవి తయారైతలేవు."

ఆ హార్మోన్లు చాలడం లేదని మెదడు పదే పదే పంపే సంకేతమే చర్మాన్ని నల్లగా చేస్తుందట.

"ఉప్పు బాగ తింటుండె మేడం. నేనే బంద్ చేయించిన."

"ఒంటికి కావాల్సొచ్చే అడిగిందమ్మా. నీకెట్ల తెలుస్తది," అంది డాక్టరమ్మ. నాకు ఊరట కలగలేదు.

టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టారు. హార్మోన్ గోళీలు బతికున్నంత కాలం మింగాలన్నారు. జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులైతే వెంటనే ఇంజెక్షన్ ఇప్పించాలి. దాని పేరు కాగితం మీద రాయించుకున్నాను. వారానికి ఆయన లేచి నడిచాడు. ఏడాదిన్నర పాటు దుకాణానికి వెళ్లాడు.

పోయిన శ్రావణంలో బోనాలకు చిన్నకోడూరులో ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. రెండో రోజు పొద్దున్నే ఆయనకు వాంతులు, విరేచనాలు. గోళీ వేస్తే కక్కేశాడు. మళ్లీ వేశాను, మళ్లీ అంతే.

"సిద్దిపేట పోదాం, లే."

"పండుగ పూట అందర్ని పరేషాన్ చెయ్యకు. మాపటికి చూద్దాం."

ఆడబిడ్డ ఊళ్లో సూదులు వేసే అతన్ని పిలిపించింది. అతను గ్లూకోజ్ ఎక్కించాడు. నేను కాగితం చూపించాను.

"స్టెరాయిడా? గది మంచిది కాదమ్మా, ఒళ్లు ఖరాబైతది," అన్నాడు.

నేను గొడవపడలేదు. ఉప్పు విషయంలో తెలియక తప్పు చేశాను. మళ్లీ తప్పు చేస్తానేమోనన్న భయంతో, ఈసారి తెలిసి కూడా నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నానికి ఆయన మనుషులను గుర్తుపట్టడం మానేశాడు. కారు దొరికేసరికి ఇంకో గంట. దారిలో ఆయన చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చింది, ఛాతీ నొక్కింది. బయటికి వచ్చి నా భుజం పట్టుకుంది.

దినాలయ్యాక మా పెద్దబిడ్డ అడిగింది. "బాపుకు అసలు ఏమైందే అవ్వా?"

నేను మాట్లాడకుండా ఊరుకున్న సంగతితో సహా అంతా చెప్పాను. అది విని, లేచి వెళ్లి అర్రలో తలుపు వేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. నేను తలుపు కొట్టలేదు.