నీళ్లు కొట్టే పని

నెల రోజుల సెలవు అడిగితే మా మేనేజరు ముందు నా ఆరోగ్యం గురించి అడిగాడు, తర్వాత వేరే కంపెనీలో చేరుతున్నానా అని అడిగాడు. ఇండోనేషియా తూర్పు చివర ఒక చిన్న దీవిలో, బడికి వాననీళ్ల ట్యాంకు కట్టడానికి వెళ్తున్నానంటే మాత్రం నమ్మలేదు. ఆయన తప్పేం లేదు. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని. ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా యాప్‌లో మనిషిని బుక్ చేస్తాను.

స్వచ్ఛంద సేవకు మనుషుల్ని పంపే బృందం వాళ్లు, పని రాకపోయినా ఫరవాలేదు, ఉత్సాహం ఉంటే చాలన్నారు. ఉత్సాహంతో ట్యాంకు నిలబడుతుందని నాకు నమ్మకం కలగలేదు. పుప్పాలగూడలో మా బాల్కనీకి ఎదురుగా కొత్త అపార్ట్‌మెంటు లేస్తోంది. ఒక ఆదివారం అక్కడి మేస్త్రీ దగ్గరికి వెళ్లి, ప్లాస్టరింగ్ నేర్పుతారా అండీ అని అడిగాను. ఆయన నా చెప్పుల వైపు చూసి, "రీల్స్ కోసమా మేడం?" అన్నాడు. అయినా మూడు ఆదివారాలు ఓపిగ్గా తాపీ పట్టడం, సిమెంటూ ఇసుకా కలపడం నేర్పాడు. నేను గోడకు కొట్టిన దాంట్లో సగం నా మీదే పడేది. పక్కనే ఆయన భార్య పైపు పట్టుకుని, నిన్నటి గోడలను తడుపుతూ ఉండేది.

"జర నీళ్లు కొట్టుడు గూడ నేర్చుకోండ్రి మేడం" అని ఆమె రెండుసార్లు అంది. పైపుతో నీళ్లు పట్టడంలో నేర్చుకోవడానికేముందిలే అనుకుని నవ్వి ఊరుకున్నాను.

బాలిలో ఫొటోలు దిగడానికి వచ్చిన జనమంతా మొదటి విమానం దిగగానే విడిపోయారు. ఆ తర్వాత ఇంకో చిన్న విమానం, ఒక ఓడ, చివరికి వారానికోసారి తిరిగే పడవ. దీవిలో కొబ్బరిచెట్లు, రేకుల ఇళ్లు, కొండవాలులో బడి. హోటలు లేదు. ఒక రోజు అన్నం చేపలు, మర్నాడు చేపలు అన్నం. నేను దాచుకుని తీసుకెళ్లిన గోంగూర పచ్చడి మూడో రోజుకల్లా ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. బడిలో వంట చేసే పెద్దామె ఇంట్లో నా బస. ఆమెకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, మిగతాదంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం.

అక్కడ మంచినీళ్లంటే కొండ అవతలి ఊట. గంట నడక. ఆడవాళ్లు రోజూ క్యాన్లు మోసుకొస్తారు. వానలకు ముందు ట్యాంకు నిలబడితే బడి కప్పు మీది నీళ్లన్నీ అందులో పడతాయి, ఆ ఏడాదికి ఆ నడక తప్పుతుంది. నిలబడకపోతే నా పడవ నేనెక్కి వెళ్లిపోతాను, వాళ్లు మళ్లీ క్యాన్లు ఎత్తుకుంటారు.

నేను మహా పద్ధతిగా ఎక్సెల్‌లో ప్లాన్ వేశాను. సిమెంటు పడవ వారం ఆలస్యంగా వచ్చింది. ప్లాన్ సర్దాలి కదా, గోడను తడపడానికి పెట్టిన ఏడు రోజులు తీసేశాను. ఆఫీసులో పని ఆలస్యమైన ప్రతిసారీ అందరూ కోసేది నా టెస్టింగ్ రోజులనే. పద్నాలుగేళ్లు దాని మీద పోట్లాడినదాన్ని, ప్లాన్ నా చేతికి రాగానే నేనూ అదే చేశాను. పైగా ఎండ బాగా కాస్తోంది, గోడ త్వరగా ఆరుతుందని సంతోషించాను కూడా.

ఊరివాళ్లూ నేనూ కలిసి గోడ కట్టి ప్లాస్టరింగ్ చేసిన మూడో రోజుకు, గోడంతా సన్నటి పగుళ్లు. పెద్దామె ఒక పగులు మీద వేలు పెట్టి పైనుంచి కిందదాకా గీసింది. తర్వాత క్యాన్లు తీసుకుని ఊటకు బయల్దేరింది. తిట్టినా బాగుండేది. నేను బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

దీవి మొత్తం మీద సిగ్నల్ దొరికేది ట్యాంకు పక్కనున్న ఆ మెట్ల దగ్గరే. మేస్త్రీకి వీడియో కాల్ చేసి గోడ చూపించాను.

"నీళ్లు కొట్టిండ్రా?" అన్నాడు.

"లేదండీ."

"గది మా ఇంటామె పని. ఆమెనే అడుగుండ్రి" అని ఫోను భార్యకిచ్చాడు.

ఆమె దెప్పలేదు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పగుళ్లకు సిమెంటు పాలు పుయ్యుండ్రి. పాత గుడ్డలు తడిపి సుట్టూ కప్పుండ్రి. ఏడు దినాలు గుడ్డ ఆరొద్దు. పసిపిల్ల లెక్క సూసుకోవాలె."

"సముద్రం నీళ్లు పనికొస్తాయా అక్కా?"

"ఉప్పునీళ్లా? వద్దు. గోడ లోపటి ఇనుప జాలీ తుప్పు పడ్తది."

అంటే ఆ ఆడవాళ్లు గంట నడిచి తెచ్చుకునే తాగేనీళ్లు అడిగి గోడకు పొయ్యాలి. సిగ్గుతో చచ్చిపోతూ పెద్దామెకు సైగలతో చెప్పాను. ఆమె లోపలికెళ్లి రెండు పాత లుంగీలు తెచ్చింది. సాయంత్రానికి ట్యాంకు ఊరందరి లుంగీలూ కట్టుకుని నిలబడింది. ప్రతి ఇంటి నుంచీ పూటకో చెంబు నీళ్లు వచ్చేవి. నేనూ ఊటకు వెళ్లి, మెడ పట్టేసి, దారిలో సగం ఒలకబోసుకుని వచ్చేదాన్ని. మేస్త్రీ భార్య మాత్రం రోజూ వీడియోలో తనిఖీ చేసేది. "అంచులు సూపియ్యుండ్రి. ఆడ ఆరింది సూడుండ్రి" అనేది. మా ఆఫీసులో ఏ క్లయింటూ నన్నంత గట్టిగా నిలదీయలేదు.

నా పడవకు రెండు రోజుల ముందు వాన పడింది. తెల్లారేసరికి ట్యాంకులో ఛాతీ ఎత్తున నీళ్లు. ఎండకు పైతడి ఆరాక చుట్టూ తిరిగి అరచేత్తో గోడంతా తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. నాకు గంతులు వెయ్యాలనిపించింది, వేశాను కూడా.

ఆ ఊళ్లో కొత్త ట్యాంకులో మొదటి గ్లాసు కట్టినవాళ్లకే ఇస్తారట. మధ్యాహ్నం పెద్దామె గ్లాసు నింపి నా ముందు పట్టింది. అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. మెట్లెక్కి ఫోను చేశాను. మేస్త్రీ భార్య తొమ్మిదో అంతస్తులో పైపు పట్టుకుని ఉంది. సంగతి చెప్పి, ఫోను పెద్దామె వైపు తిప్పాను. పెద్దామె గ్లాసును ఫోనుకు దగ్గరగా పట్టుకుని నిలబడింది.

"ఆగుండ్రి మేడం, మేస్త్రికిస్త ఫోను" అంది ఆమె.

"వద్దక్కా. ఈ గ్లాసు నీకే."

ఆమె పైపు కింద పెట్టింది. "నాకా?" అంది. "ఇన్నేండ్లల్ల ఎన్ని గోడలు తడిపిన, ఇది నువ్వు గూడ కట్టినవా అని నన్నెవ్వలు అడగలే" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "మీరు తాగుండ్రి, నేను సూస్త" అంది.

ఆమె చూస్తుండగా గ్లాసు మొత్తం తాగాను.