ఉత్త సీటీ

1976 జూలైలో నన్ను నస్పూర్ దగ్గరి ఒక బొగ్గుగనిలో అసిస్టెంట్ సర్వేయర్‌గా నియమించారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది కరీంనగర్. పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా చేసి గోదావరి దాటి వచ్చాను. నా పైన సర్వేయర్, ఆయన పైన మేనేజర్, నా కింద ఒక చైన్‌మన్. గొలుసుతో కొలిచే రోజులు పోయి టేపులు వచ్చినా, కొలత రెండో కొస పట్టుకునే మనిషికి ఆ పేరే మిగిలింది.

సర్వే వాళ్ళు బొగ్గు తవ్వరు. ఎక్కడ ఎంత తవ్వారో కొలిచి నక్షాలోకి ఎక్కిస్తారు. తరువాతి గ్యాలరీ, అంటే సొరంగం, ఏ దిక్కున పోవాలో పైకప్పు మీద సున్నపు గీత గీసి చూపిస్తారు. ఇందుకు టబ్బులు, అంటే బొగ్గు మోసే ఇనుప బండ్లు, నడిచే దారిలోనే నిలబడాలి. టబ్బులు ఆగితే బొగ్గు ఆగుతుంది కాబట్టి, మేం గనిలో అడుగుపెడితే ఎవరికీ సంతోషం ఉండేది కాదు.

నాకు అప్పగించిన చోటు రెండో డిప్పు. డిప్పు అంటే బొగ్గు పొర వెంట కిందికి దిగే ఏటవాలు దారి. దానికి రెండు పక్కలా కొమ్మల్లాగా అడ్డదారులు పోతాయి, వాటిని లెవల్స్ అంటారు. డిప్పు తల దగ్గర హాలర్ ఉంటుంది: ఉక్కుతాడు చుట్టిన డ్రమ్ము, మోటారు, బ్రేకు. తాడు చివర టబ్బులు. హాలర్ డ్రైవర్‌కు చీకట్లోకి పోయే తాడు తప్ప టబ్బులు కనబడవు. అందుకని డిప్పు పొడవునా ఒక తీగ కట్టి ఉంటుంది. కింద లాగితే పైన గంట మోగుతుంది. ఎన్ని గంటలకు ఏ అర్థమో హాలర్ పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డులో ఉన్న సంకేతాలకు తప్ప మరి దేనికీ తాడు కదపరాదని నిబంధన.

గంట చెప్పగలిగింది మూడు నాలుగు మాటలే. పైగా ఆ దారిలో నీరు ఊరేది, తీగ తుప్పుపట్టి తరచూ తెగేది. ఆ లోటును కార్మికులు సీటీలతో పూడ్చుకున్నారు. అక్కడ ఈలను సీటీ, గనిని బాయి అంటారు. మొదట నేను దాన్ని గంటకు బదులు వాడే సైగ అనుకున్నాను. ఒకరోజు నాలుగో లెవల్ దగ్గర టబ్బు పట్టాలు తప్పింది. క్లిప్‌మన్ సామేలు, అంటే తాడుకు టబ్బులు తగిలించే మనిషి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక్క ఊపిరిలో సీటీ కొట్టాడు. పైనుంచి హాలర్ డ్రైవర్ ఓదేలు అదే సీటీ తిరిగి కొట్టాడు. కొద్దిసేపటికి ఇద్దరు మనుషులు గడ్డపార, చెక్కదిమ్మె పట్టుకుని సరిగ్గా నాలుగో లెవల్ దగ్గరికే దిగివచ్చారు. ఏం జరిగిందని వాళ్ళు అడగనే లేదు.

ఆ సాయంత్రం క్వార్టర్‌లో కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో గళ్ళు గీసి అంకెలు వేశాను. నాకు చిన్నప్పటినుంచీ ఏదైనా పట్టికలో పెడితే తప్ప అర్థమైనట్టు ఉండదు.

మూడు నెలల్లో తేలింది ఇది. శ్రుతులు నాలుగు. వాటికి కార్మికులే పేర్లు పెట్టుకున్నారు: సాపు, ఎక్కుడు, దిగుడు, ఇరుగుడు. సాపు సమంగా సాగుతుంది, ఎక్కుడు పైకి లేస్తుంది, దిగుడు జారుతుంది, ఇరుగుడు మధ్యలో విరిగి మళ్ళీ అందుకుంటుంది. ఒకే నిడివి సీటీ శ్రుతి మారితే వేరే మాట అవుతుంది. వాక్యంలో వరుస మారదు. ముందు కొట్టేవాడి పేరు, తరువాత చోటు, చివర పని. ప్రశ్న అడగాలంటే మొత్తాన్ని ఒక మెట్టు పైన కొట్టాలి. వద్దు, కాదు అనడానికి పొట్టి సాపు, బాగా కింది స్థాయిలో. జరిగిపోయిన దాని గురించి చెప్పే వీలు ఆ భాషలో లేదు. విన్నవాడు విన్నది విన్నట్టు తిరిగి కొట్టాలి. అది తప్పయితే మొదటివాడు వెంటనే కాదంటాడు. ఒప్పయితే ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే అనుమతి. ఇక పేర్లు ఎవరికి వారు పెట్టుకోరు, షిఫ్టులో తోటివాళ్ళు పెడతారు. మనిషి గని విడిచిపోతే ఆ పేరు ఇంకొకరికి ఇవ్వరు.

సామేలుకు ముప్పై ఏళ్ళుంటాయి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది అతనే కాబట్టి శ్రుతి తప్పేవాడు కాదు. ఓదేలు యాభై దాటినవాడు, ఇరవై ఏళ్ళుగా హాలర్ మీదే ఉన్నాడు, అందరూ కాకా అనేవారు. ఇద్దరూ నేను అడిగినవన్నీ ఓపికగా చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం లొంగలేదు. నాకు ఉదాహరణలు కావాలి. "టబ్బులు వదులు" అనే సీటీ ఒకసారి కొట్టి చూపమని ఓదేలును ఎన్నోసార్లు అడిగాను.

"ఇప్పుడు వదిలేది లేదు గద సారూ," అనేవాడు.

"ఊరికే, వినడానికి."

"ఊకెనే కొడితె అది ఉత్త సీటీ అయితది. ఉత్త సీటీ మా బాయిల కొట్టం. కొట్టినమంటె ఎవడో ఒకడు కదులుతడు."

నేను వదలకపోయేసరికి సామేలు నవ్వేవాడు. "సారుకు సీటీ ఇనాల్నని గంత మోజుంటె మంచిర్యాల టాకీసుకు తోలుకపోదాం కాకా. ఆడ పైసలిచ్చి మరీ కొడతరు."

పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు, నేనూ నవ్వాను. నోటుబుక్కులో "సేకరణలో ఇబ్బందులు" అనే శీర్షిక కింద ఏడో అంశంగా రాసుకున్నాను: ఉదాహరణలు ఇవ్వరు.

దసరా అయిన రెండో వారం, మొదటి షిఫ్టు. మూడో లెవల్ మూల దగ్గర కొలతకోసం డిప్పు ఆపించాం. ఖాళీ టబ్బులు మూడు పైన తాడుకు తగిలించి ఉన్నాయి. కొలత అయిపోయింది. చైన్‌మన్ లెవల్ లోపల పరికరం పెట్టెలో సర్దుతున్నాడు. నేను మూల మలుపులో ఒక్కణ్ణే ఉన్నాను. డిప్పు ఖాళీగా ఉందనుకున్నాను. పద్ధతి ప్రకారం నేనప్పుడు తీగ దగ్గరికి పోయి, సర్వే అయిందని గంట కొట్టాలి.

దానికి బదులు నోటుబుక్కు తీశాను. వరుస గురించి నేను కట్టిన సూత్రం సరైనదో కాదో చూసుకోవాలనిపించింది. ఎన్నడూ వినని వాక్యాన్ని నా సూత్రంతో కట్టి చూస్తే తేలిపోతుంది. నాకు పేరు లేదు, ఎవరూ పెట్టలేదు. అందుకని నాకు బాగా వచ్చిన పేరు వాడాను. సామేలు, మూడో లెవల్, వదులు. మెల్లగానే కొట్టాను. కానీ గ్యాలరీలో సీటీ గొట్టంలో నీళ్ళలా పోతుంది.

పైనుంచి ఓదేలు సీటీ వచ్చింది. నేను కొట్టినది కొట్టినట్టే, నాలుగు శ్రుతులూ సరిగ్గా వచ్చాయి. పరీక్షలో పాసైనంత సంతోషమైంది. టోపీ దీపం వెలుగులో దాన్ని రాసుకుంటూ ఉండిపోయాను. అంటే ఊరుకున్నాను.

తాడు బిగిసిన శబ్దం వినగానే నేనేం చేశానో తెలిసింది. పొట్టి సాపు కొట్టబోయాను. నోరు ఎండిపోయి ఊపిరి మాత్రమే వచ్చింది. తీగ దగ్గరికి పరుగెత్తి లాగాను. ఆలోపే పైన బ్రేకు పడింది, టబ్బులు కీచుమంటూ ఆగాయి. రెండో లెవల్ దగ్గర ఎవరో అరిచారు. డిప్పు ఆగి ఉన్న కాసేపట్లో పట్టాల మీద పడ్డ బొగ్గు తీద్దామని సామేలు అక్కడికి దిగి ఉన్నాడు. దారి పక్కన మనుషులు తప్పుకోవడానికి తొలిచిన గూడులోకి దూకాడు గానీ, ఎడమ కాలు పూర్తిగా లోపలికి రాలేదు. మొదటి టబ్బు మూల తగిలి మడమ ఎముక విరిగింది.

మర్నాడు ఓదేలును సస్పెండ్ చేసి చార్జిషీటు ఇచ్చారు. ఆమోదం లేని సంకేతానికి తాడు కదపడం, దానివల్ల తోటి కార్మికుడికి గాయం. అప్పటికే మేనేజర్‌కు సీటీల మీద కోపం ఉంది. ఇది రుజువైతే డిస్మిస్ తప్పదని ఆఫీసులో అందరికీ తెలుసు. నేను మూడో లెవల్ దగ్గర ఉన్నాను కాబట్టి సాక్షిగా రమ్మని నోటీసు వచ్చింది.

ఆసుపత్రికి వెళ్ళాను. సామేలు కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే తనే అన్నాడు: "నా పేరు మంచిగనే కొట్టినవ్ సారూ. నా పేరు నా నోట్ల నుంచి రాలే, ఇంకెవని నోట్లనుంచో అస్తుందని, కాదని కొట్టే టైం గూడ లేక దుంకిన. జర అటుఇటు కొడితె ఎవల పేరో అనుకొని ఆడ్నే ఉంటుంటి."

ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

"కాకా చెప్పద్దన్నడు."

ఓదేలు నస్పూర్‌లోనే ఉండేవాడు. ఇంటిముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొట్టింది నేనని ఎప్పుడు తెలిసిందని అడిగాను. "వాపస్ కొట్టినంక. ఊపిరి సామేలుది గాదనిపించింది. గప్పటికే బ్రేకు ఇడిసిన. మల్ల గుంజి పట్టిన." మరి ఎందుకు చెప్పలేదంటే, ఆయన నన్ను కాకుండా వీధి వైపు చూస్తూ అన్నాడు: "నాకింక నాలుగైదేండ్ల నౌకరి. నువ్వు మొన్న చేరినవ్. నీ సర్వే సర్టిఫికెట్ పరీక్ష గూడ గాలేదాయె. నువ్వు ఫికర్ చెయ్యకు, పో."

ఆ రాత్రి రెండు కాగితాలు రాసుకున్నాను. మొదటిదాంట్లో ఇలా ఉంది: "కొలత ముగిసిన తరువాత మూడో లెవల్ పరిసరాల్లో ఒక సీటీ వినిపించింది. అనంతరం తాడు కదిలింది." చాలాసార్లు చదివి చూశాను. ఒక్క అబద్ధం లేదు. రెండోది పొట్టిది.

ఎంక్వైరీ మేనేజర్ ఆఫీసులో జరిగింది. ఎంక్వైరీ అధికారి వేరే గని నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. ఆ రోజు ఎలాంటి సీటీ విన్నావో ఇక్కడ కొట్టి చూపించమని ఓదేలును అడిగాడు. ఓదేలు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఈడ తాడు లేదు సారూ, టబ్బు లేదు. నేను కొడితె ఎవలు కదలాలె?"

"ఎవరూ కదలనక్కరలేదు. రికార్డు కోసం."

"గట్ల కొట్టెటిది గాదు, సారూ."

విచారణకు సహకరించలేదని గుమాస్తా రాసుకున్నాడు. ఆ మాట కాగితం మీదికి ఎక్కుతుంటే నా ఏడో అంశం గుర్తుకొచ్చింది. నేను అదే మాటను వేరే శీర్షిక కింద రాశాను, అంతే తేడా.

నన్ను పిలిచినప్పుడు రెండో కాగితం ఇచ్చాను. అందులో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఆ సీటీ కొట్టింది నేను. పని ఉండి కొట్టలేదు, నేర్చుకున్నది సరిచూసుకోవడానికి కొట్టాను. డ్రైవర్ పద్ధతి ప్రకారం తిరిగి కొట్టి అడిగాడు, నేను కాదనలేదు. అనుమానం రాగానే అతనే బ్రేకు వేశాడు. వాటికి తోడుగా నోటుబుక్కు కూడా ఇచ్చాను. ఉదాహరణలు దొరకనందువల్ల అందులో ఉన్నవన్నీ పనిలో నిజంగా కొట్టిన సీటీలే. తేదీ, షిఫ్టు, చోటు, తిరుగు సీటీ, జరిగిన పని వరుసగా రాసి ఉన్నాయి. ఎంక్వైరీ అధికారి చాలాసేపు పేజీలు తిప్పాడు. తిరుగు సీటీ లేకుండా తాడు కదిలిన సందర్భం ఒక్కటైనా ఉందా అని అడిగాడు. నేను రాసినంతవరకు లేదని చెప్పాను.

ఓదేలు మీద చర్య హెచ్చరికతో ఆగింది. ఆరు వారాల తరువాత మళ్ళీ హాలర్ మీదికి వచ్చాడు. సామేలు కొద్దిగా కుంటుతూ ల్యాంప్ రూం డ్యూటీకి మారాడు. నా సర్వీసు ఫైలులో మందలింపు చేరింది, సర్టిఫికెట్ పరీక్షకు అనుమతి ఏడాది వాయిదా పడింది, గోదావరి అవతల కరీంనగర్ జిల్లాలోని ఒక గనికి బదిలీ అయింది. డిప్పులో తీగ కొత్తది వేశారు. సీటీలు నిషేధిస్తూ నోటీసు పెట్టారు. నోటుబుక్కు ఎంక్వైరీ ఫైలులో ఉండిపోయింది, తిరిగి అడగలేదు.

రిలీవ్ అయిన రోజు ల్యాంప్ రూంలో దీపం అప్పగించాను. సామేలు నంబరు బిళ్ళ తీసుకుని, మీ కొత్త బాయిల గంటలు మంచిగున్నయా కనుక్కోమన్నాడు. వాళ్ళు నాకు సీటీ పేరు పెట్టలేదు. ఎవరి సీటీకి మనిషి కదలాలో వాళ్ళకు పేరు ఉంటుంది. నాది అలాంటి పని కాదు.

ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా గనుల్లోనే ఉన్నాను. చివరి ఏళ్ళలో కొత్త సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు ఇచ్చారు. పనివాళ్ళ పద్ధతులు రాసుకోవడానికి పట్టిక ఎలా వేయాలో చెప్పేవాణ్ణి. అందులో ఇబ్బందులు అనే గడి లేదు. "మేం అట్ల చెయ్యం" అని ఎవరైనా అన్నది రాసుకోవడానికి అన్నిటికన్నా పైన ఒక గడి ఉంచాను. దానికి ఒకటో అంకె వేశాను.